నాలుగో నెల

స్కానింగ్ గదిలోంచి బయటికి వచ్చినప్పటి నుంచీ వెంకటేశ్వరమ్మ కోడలితో మాట్లాడలేదు.

ఆస్పత్రి మెట్లు దిగేటప్పుడు మాట్లాడలేదు. రిక్షాలో పక్కపక్కనే కూర్చుని కూడా మాట్లాడలేదు. గుంటూరు బస్టాండులో ప్రత్తిపాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"లూపు తీయించుకున్నావా?"

"లేదత్తయ్యా. లోపలే ఉందని డాక్టరుగారు చూపించారు కదా," అంది సాయిలక్ష్మి.

"చూపించింది. అంతా మబ్బు మబ్బుగా ఉంది. అందులో నాకేం తెలిసింది?"

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నారు. అత్త కిటికీ వైపు కూర్చుని ఊరు వచ్చేదాకా తల తిప్పలేదు.

సాయిలక్ష్మికి బాధగా లేదు. బాధపడాలని తెలుస్తూనే ఉంది, కానీ ఆ బాధ ఎక్కడో పక్కింట్లో జరుగుతున్నట్టుంది. మూడు నెలలుగా ఇంతే. గ్రానైట్ రాళ్ల లారీ ఒకటి మంచులో కనపడక పత్తి ట్రాక్టరుని గుద్దేసిందని, దాని మీదున్న మొగుడు సీతారామాంజనేయులు అక్కడికక్కడే పోయాడని డిసెంబరులో ఎవరో వచ్చి చెప్పిన పొద్దుట్నుంచీ ఆమెకు ఏదీ తగలడం లేదు. అన్నం పెడితే తింటోంది. పాపకి జడ వేస్తోంది. మిరపకాయల కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పెడుతోంది. పక్కన కూలివాళ్ళు ఆ ఘాటుకి దగ్గుతుంటే, వీళ్ళెందుకు దగ్గుతున్నారని ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా.

నెల తప్పిందన్న సంగతి ఆమె పట్టించుకోలేదు. కడుపు రాకుండా లూపు పెట్టించుకున్నాక ఎప్పుడూ అటూ ఇటూగానే వచ్చేది. పైగా మనిషి పోయిన ఇంట్లో ఆ లెక్క ఎవరు చూసుకుంటారు? నిన్న కల్లంలో లేవబోయి కళ్ళు తిరిగి పడిపోతే, పచ్చకామెర్లేమోనని అత్తే భయపడి గుంటూరు తీసుకెళ్ళింది. పచ్చకామెర్లు కావు.

డాక్టర్ జమీలా నెమ్మదైన మనిషి. స్కానింగ్ టీవీలో పెన్ను కొనతో చూపించింది. ఇదిగో, ఈ తెల్లగీత లూపు. కిందికి జారి పక్కకి తిరిగింది. దాని పైన ఇదిగో, ఈ కదిలేది బిడ్డ గుండె. నాలుగో నెల నడుస్తోంది.

సాయిలక్ష్మి ఆ కదిలేదాన్ని చూసింది. ఎవరి ఇంట్లోనో టీవీ చూస్తున్నట్టే ఉంది.

లూపు పెట్టించుకుని ఎన్నాళ్ళయిందని డాక్టరు అడిగింది. పాప నడక నేర్చిన ఏడు అని చెప్పింది. పాప ఇప్పుడేం చదువుతోందంటే, ఒకటో తరగతి అంది. డాక్టరు పెన్ను పక్కన పెట్టింది. ఈ రకం లూపు మూడేళ్ళే పనిచేస్తుందని, ఆ తర్వాత తీసి కొత్తది వేయించుకోవాలని, ఆ మాట ఎవరూ చెప్పలేదా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

"లూపు దారం లోపలికి వెళ్ళిపోయిందమ్మా," అంది డాక్టరు వెంకటేశ్వరమ్మ వైపు తిరిగి. "ఇప్పుడు లూపు తీయబోతే గర్భం పోతుంది. ఉంచితే కాన్పు దాకా జాగ్రత్తగా ఉండాలి. జ్వరం వచ్చినా, రక్తం కనపడినా వెంటనే పరిగెత్తుకు రావాలి. నెలలు నిండకుండానే పుట్టొచ్చు. వద్దనుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఇంటికెళ్ళి మాట్లాడుకుని రండి."

అప్పుడు వెంకటేశ్వరమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఆ నాలుగో నెలన్నది ఖచ్చితంగా చెప్పగలరా అని.

"ఓ పది రోజులు అటూ ఇటూ ఉంటుందండీ. అంతకంటే తేడా ఉండదు," అంది డాక్టరు, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియక.

*

ఊళ్ళో దిగగానే వెంకటేశ్వరమ్మ ఇంటికి రాలేదు. నువ్వు పద అని కోడలికి చెప్పి, సరాసరి జానీబీ ఇంటికి వెళ్ళింది.

జానీబీ ఆ చుట్టుపక్కల ఊళ్ళకు నర్సు. ఆ లూపు పెట్టింది ఆమే. ఆ రోజు గది బయట బల్ల మీద పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది వెంకటేశ్వరమ్మే. కాబట్టి లూపు సంగతి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. లూపు ఉంటే కడుపు రాదు. అందుకే కదా పెట్టేది. నిరుడంతా, ఇంక తీయించుకో, ఇంకొకళ్ళని కనండి అని కొడుకునీ కోడలినీ ఆమే పోరింది. ఈ ఏడు పత్తి ఏరడం అయిపోగానే తీయిస్తానులే అమ్మా అన్నాడు కొడుకు. పత్తి ఏరడం అయ్యేలోపలే వెళ్ళిపోయాడు. అంటే వాడు ఉన్నన్నాళ్ళూ లూపు ఉంది, ఇప్పుడు కడుపు వచ్చిందంటే ఆ తర్వాతే తీయించుకుని ఉండాలి.

లూపు ఉండగా కడుపు వస్తుందా అని అడగగానే జానీబీకి భయం వేసింది. లూపు పెట్టింది తను. మార్చుకోమని చెప్పాల్సిందీ తనే. ఇప్పుడు అవునమ్మా, పాతబడితే ఇలా అవుతుందంటే, మరి నువ్వెందుకు చెప్పలేదని రేపు ఊరంతా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. అందుకని ఆమె అటు అబద్ధమూ కాని, ఇటు నిజమూ కాని మాట ఒకటి అంది. ఏమోనమ్మా, నా సర్వీసులో నేనైతే చూడలేదు అంది.

వెంకటేశ్వరమ్మకి అది చాలింది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంది. కోడలు మంచినీళ్ళు ఇస్తే తీసుకుంది. కోపంగా లేదు. అరవలేదు. నేరుగా ముందు వసారాలోకి వెళ్ళి, చిన్నకొడుకు బాలు పడుకునే మడతమంచాన్ని మడిచి గోడకి ఆనించింది. దుప్పటి, దిండు చుట్ట చుట్టి సంచిలో కూరింది.

"ఇవాళ్టి నుంచి బాలు కల్లంలో పడుకుంటాడు. అన్నం అక్కడికే పంపిద్దాం," అంది.

కల్లంలో మామగారు యలమందయ్య ఎటూ కాపలా ఉంటున్నాడు. పెద్దకొడుకు పోయాక ఆయన ఇంటికి రావడమే తగ్గించేశాడు. రోజూ ఎండే కాయల మధ్య కూర్చుంటాడు, ఎవరైనా పలకరిస్తే తలూపుతాడు. అక్కడ ఇద్దరు కాపలా అక్కర్లేదు.

సాయిలక్ష్మి ఆ గోడకి ఆనించిన మంచం వైపు చూసింది. అప్పుడు అర్థమైంది అత్త ఏమనుకుంటోందో. అర్థమయ్యాక కూడా ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"అత్తయ్యా, బాలుని ఎందుకు పంపిస్తున్నారు?"

వెంకటేశ్వరమ్మ సంచి మూతి బిగించి కట్టింది.

"నేను నిన్నేమన్నా అన్నానా?" అంది చివరికి. "నిన్నొక్క మాట అన్నానా, చెప్పు."

నిజమే. ఒక్క మాటా అనలేదు.

*

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇల్లు చాలా మర్యాదగా గడిచింది. వెంకటేశ్వరమ్మ కోడలికి పాలు కాచి ఇచ్చింది. బరువులు ఎత్తనివ్వలేదు. కల్లంలో కాయలు గోతాల్లో తొక్కి టిక్కీలుగా మూటలు కట్టే పని మొదలైంది, నువ్వు రావద్దు, ఆ ఘాటు నీకు పడదు అంది. పాప శ్రీరమ్య, బాబాయి ఇంటికి ఎందుకు రావట్లేదని అడిగితే పనుందిలే అంది.

ఆ మర్యాదే సాయిలక్ష్మికి వింతగా ఉంది. తిడితే ఎదురు చెప్పొచ్చు. పాలగ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏమని ఎదురు చెప్పడం?

శుక్రవారం మధ్యాహ్నం, పాప బడికి వెళ్ళాక, వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని కోడల్ని కూడా కూర్చోమంది. మార్టూరులో ఉన్న సాయిలక్ష్మి అన్న సురేంద్రకి ఫోను చేశానని, ఆదివారం పొద్దున్నే రమ్మన్నానని చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. గొంతు తగ్గించి, చాలా మెత్తగా చెప్పింది.

జరిగింది జరిగిపోయింది. వయసులో ఉన్నవాళ్ళు. ఒకే ఇంట్లో ఉన్నారు. చావు కాగితాల కోసం మండలాఫీసుకీ, ఆస్పత్రికీ బండి మీద తిరిగారు. తను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. తప్పంటే తనదే, చూసుకోవాల్సింది తను. ఊళ్ళో ఎవరికీ తెలియకముందే, గుళ్ళో బాలుతో దండలు మార్పించేస్తే బిడ్డకి తండ్రి ఉంటాడు. పాపకీ దిక్కుంటుంది. బయటి పిల్ల ఈ ఇంటికి వచ్చి పాపని ఎలా చూస్తుందో అన్న బెంగా ఉండదు. అన్నీ ఆలోచించాను అంది.

"నిన్ను బయటికి పంపించే ఆలోచన నాకు లేదు లక్ష్మీ. నువ్వు నా కోడలివే. ఎప్పటికీ నా కోడలివే."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధపు నీళ్ళు కావవి. కొడుకు పోయిన ఇంట్లో కోడలిని పోగొట్టుకోకూడదని ఆమె నిజంగానే అనుకుంది. తనకి చేతనైనంత పెద్దమనసుతోనే ఈ దారి వెతికింది.

సాయిలక్ష్మి ఆ నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"ఇది ఆయన బిడ్డ అత్తయ్యా," అంది.

వెంకటేశ్వరమ్మ తల వంచుకుంది.

"సరేలే. అలాగే అనుకుందాం."

"అనుకోవడం కాదు. ఆయన బిడ్డే. బాలు నాకు తమ్ముడి లాంటివాడు. ఇప్పుడు మీరు చెప్పినదానికి నేను ఊఁ అంటే, ఆయనది కాదని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే."

"మరి లూపు ఉండగా ఎట్లా వచ్చిందే? జానీబీయే చూడలేదంది. సూది మందులోళ్ళకి తెలియనిది నీకు తెలుసా?"

ఆ ఒక్కసారే ఆమె గొంతు పెరిగింది. వెంటనే తగ్గించేసుకుంది. డాక్టరు చెప్పిన మాట, లూపు పాతబడ్డ సంగతి, సాయిలక్ష్మి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఆ పది రోజులు అటూ ఇటూ లెక్కేసుకున్నా ఆయన బతికి ఉన్న రోజులేనని చెప్పింది. వెంకటేశ్వరమ్మ వింటోంది, కానీ ఆమెకి ఆ పది రోజుల మాట ఒక్కటే వినపడుతోందని సాయిలక్ష్మికి తెలుస్తోంది.

పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఎవరూ లేవలేదు.

*

సాయంత్రం బాలు వచ్చాడు. అన్నం గిన్నె కోసం వచ్చానన్నాడు గానీ, వదినతో మాట్లాడ్డానికే వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, అన్న పోయాక ట్రాక్టరు పనీ, పొలం పనీ అన్నీ మీద పడి మనిషి సగమయ్యాడు. పెరట్లో బోరింగు దగ్గర సాయిలక్ష్మి గిన్నెలు తోముతుంటే, కాస్త దూరంలో నిలబడ్డాడు. ఇదివరకు అంత దూరంలో నిలబడేవాడు కాదు.

అమ్మ తనతో కూడా చెప్పిందన్నాడు. తను అమ్మకి ఎదురు చెప్పాడట, ఒట్టు కూడా వేశాడట. అమ్మ ఆ ఒట్టు విని, సరేలే నాయనా అందట.

"నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు, నీకు తెలుసు," అన్నాడు నేలకేసి చూస్తూ. "కానీ వదినా, ఊరు ఒకసారి అనడం మొదలుపెడితే మనం ఎంతమందికి చెప్తాం? నేను చేసుకుంటాను. నాకేం అభ్యంతరం లేదు. నువ్వు మాట పడటం నేను చూడలేను."

సాయిలక్ష్మి తోమే గిన్నె పక్కన పెట్టింది.

వాడు మంచివాడు. ఆ సంగతి ఆమెకు వాడు నిక్కర్లేసుకు తిరిగినప్పటి నుంచీ తెలుసు. ఆ మంచితనంతోనే వాడు ఇప్పుడు తన అన్నని ఆ బిడ్డ దగ్గర్నుంచి తీసేస్తున్నాడని వాడికి తెలియదు.

"నువ్వు ఒప్పుకుంటే మీ అమ్మ అనుకున్నది నిజమైపోతుంది బాలూ," అంది.

"నిజం కాదని మనకి తెలుసు కదా."

"మనకి తెలిస్తే చాలదు. పుట్టేదానికి తెలియాలి. మన రమ్యకి తెలియాలి, వాళ్ళ నాన్న పోయాక వాళ్ళమ్మ ఏ తప్పూ చేయలేదని."

బాలు అన్నం గిన్నె తీసుకుని, సంచిలో పెట్టుకుని, కల్లం వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గేటు వేయడం మర్చిపోయాడు.

ఆ గిన్నె ముందు పెట్టుకుని యలమందయ్య అడిగాడట, నువ్వెందుకురా రోజూ ఇక్కడ పడుకుంటున్నావు, ఇంట్లో చోటు లేదా అని. అన్ని రోజుల్లో ఆయన ఎవర్నైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. బాలు తట్టుకోలేక అంతా చెప్పేశాడు.

*

ఆదివారం పొద్దున యలమందయ్య ఇంటికి వచ్చాడు. తెల్ల పంచె నిండా మిరపకాయల ఎర్రదుమ్ము. కాళ్ళు కడుక్కోమని వెంకటేశ్వరమ్మ చెంబు తెచ్చి పెట్టినా తీసుకోలేదు. వసారాలో గోడకి ఆనించి ఉన్న మడతమంచాన్ని తీసి, దాని కాళ్ళు విప్పి, ఇదివరకు ఉన్నచోటే వేసి, దాని మీద కూర్చున్నాడు.

"లక్ష్మిని పిలువు," అన్నాడు.

సాయిలక్ష్మి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. మామగారి ముందు కూర్చునే అలవాటు ఆమెకు లేదు.

"ఆ బిడ్డ పెద్దాడి బిడ్డేనా అమ్మా?"

"అవును మామయ్యా."

ఆయన తలూపాడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"విన్నావుగా. ఇంక ఆ పెళ్ళి మాట ఈ ఇంట్లో ఎత్తకు."

"మరి జానీబీ..." అంటూ మొదలుపెట్టింది వెంకటేశ్వరమ్మ.

జానీబీ సంగతి తనకు తెలియదన్నాడు. డాక్టరు లెక్కలూ తెలియవన్నాడు. పెళ్ళై ఇన్నేళ్ళలో ఈ పిల్ల తనతో ఒక్క అబద్ధం ఆడలేదని, కొడుకు మీద పెట్టుకున్నంత నమ్మకం ఈ పిల్ల మీదా పెట్టుకున్నానని, అది కొడుకుతో పాటు పోదని అన్నాడు. మూడు నెలల్లో ఆయన అన్ని మాటలు మాట్లాడలేదు. మాట్లాడేసరికి ఆయాసం వచ్చి ఆగాడు.

వెంకటేశ్వరమ్మ మెల్లగా గోడ పట్టుకుని కింద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆమె గుండెలో ఒక తలుపు బిగించి పెట్టుకుంది. మొగుడు ఆ తలుపు తోసేశాడు. తోసేశాక వెనక ఉన్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది.

"వాడిదే అయితే..." అంది. "వాడిదే అయితే వాడే వచ్చాడన్నమాట. నా పెద్దాడే మళ్ళీ వచ్చాడు." ఆమె లేచి కోడలి దగ్గరికి వచ్చింది, రెండు చేతులూ పట్టుకుంది. తప్పైపోయిందని అంది. ఇంక నిన్ను మంచం దిగనివ్వనంది. వంటా, పాపా అన్నీ నేనే చూసుకుంటానంది. ఎంత ఖర్చైనా సరే, ఆ డాక్టరమ్మ దగ్గరే కాన్పు చేయిద్దామంది. మగపిల్లాడైతే వాడి పేరే పెడదామంది.

సాయిలక్ష్మి చేతులు ఆమె చేతుల్లో అలాగే ఉన్నాయి. ఈ మాట కోసమే కదా నాలుగు రోజులుగా కొట్టుకున్నాను, నమ్మమని, అనుకుంది. నమ్మారు. నమ్మాక ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు.

"ఆగవే," అన్నాడు యలమందయ్య. "ఆ పిల్లని అడగనీ."

"ఏం అడుగుతావు ఇంక? వాడి బిడ్డేనని తెలిశాక అడిగేదేముంది?"

"నిన్ను కాదు నేను అడిగేది." ఆయన కోడలి వైపు చూశాడు. "లూపు లోపలే ఉందట. జ్వరం వస్తుందేమో, నెత్తురు పోతుందేమో అన్నదట డాక్టరు. మొగుడు లేడు. ఒక పాప ఉంది. అందుకని అడుగుతున్నా. నీకు కావాలా తల్లీ, ఈ బిడ్డ?"

సాయిలక్ష్మి నోరు తెరిచింది.

ఎవరి బిడ్డ అన్నదానికి ఆమె దగ్గర జవాబు ఉంది. ఎప్పుడు, ఎలా, లూపు ఉండగా ఎందుకు, అన్నిటికీ ఉంది. ఈ నాలుగు రోజులూ పని చేసుకుంటూ ఆ జవాబుల్నే మనసులో వరసగా పేర్చుకుంటూ వచ్చింది. ఈ ప్రశ్న ఒక్కటి డాక్టరు అడగలేదు, అత్త అడగలేదు, బాలు అడగలేదు. తనని తను కూడా అడుక్కోలేదు.

"తెలియదు మామయ్యా," అంది.

వెంకటేశ్వరమ్మ చేతులు వదిలేసింది.

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. మార్టూరు నుంచి సురేంద్ర దిగుతున్నాడు. పెళ్ళి మాట మాట్లాడ్డానికి రమ్మంటే, చెల్లెలి కోసం కొత్త చీర కూడా కొనుక్కొచ్చినట్టున్నాడు, చేతిలో బట్టల కొట్టు కవరు ఉంది. యలమందయ్య లేచి ఎదురెళ్ళాడు. గేటు దగ్గరే అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"రా బాబూ, కూర్చుందాం. నువ్వొచ్చిన పని లేదు. ఇంకో పని ఉంది, దానికి మీ చెల్లెలే మాట చెప్పాలి. చెప్పేదాకా మనం ఎవరం ఏమీ అనొద్దు."

మగవాళ్ళిద్దరూ వసారాలో కూర్చున్నారు. వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. కాసేపటికి బాలు కూడా కల్లం నుంచి వచ్చి గేటు అవతల ఆగిపోయాడు.

సాయిలక్ష్మి లోపలి గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక, ఆమె ఏమంటుందోనని అందరూ ఎదురుచూడటం ఇదే మొదటిసారి. ఆమె దగ్గర మాట లేదు.